సబ్సిడీని చూసి కాదు, మన బిల్లు చూసి సోలార్ పెట్టుకుందాం

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వేలూరును తమాషాగా ‘వెయిలూరు’ అంటారు. వెయిల్ అంటే ఎండ. ఆ ఎండ మనకు కొత్త కాదు. నూలు ఆరేసుకోవడానికి దాన్ని వాడుకున్నాం, మధ్యాహ్నం మగ్గం ముందు కూర్చుని దాన్నే తిట్టుకున్నాం. ఇప్పుడు అదే ఎండతో కరెంటు చేసుకోవచ్చని, దానికి ప్రభుత్వం డబ్బు కూడా ఇస్తుందని వీధివీధికీ ఏజెంట్లు వస్తున్నారు. కొందరు పెట్టుకున్నారు, కొందరు సందేహంలో ఉన్నారు. పెట్టుకోవాలా, వద్దా? పెట్టుకుంటే ఎంత? డబ్బు ఎక్కడి నుంచి? ఈ మూడు ప్రశ్నలకే ఈ రోజు జవాబు చెప్పాలని మేము అనుకున్నాం.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్ చేసినప్పుడు ‘టాక్స్ క్రెడిట్’ అంటారు. ఇక్కడ ఏజెంటు ‘సబ్సిడీ’ అంటాడు. రెండూ ఒకటే అనుకుంటాం, కానీ కాదు.

అమెరికాలో సొంత ఇంటి మీద సోలార్ పెట్టుకున్నవాళ్ళకు అయిన ఖర్చులో 30 శాతం వాళ్ళు కట్టాల్సిన ఆదాయపు పన్నులో తగ్గించేవారు. 2022లో తెచ్చిన చట్టం ప్రకారం ఆ 30 శాతం 2032 దాకా ఉండాలి. కానీ 2025 జూలైలో ఇంకో చట్టం వచ్చి, 2025 డిసెంబరు 31తో దాన్ని ఆపేసింది. అక్కడ మన పిల్లలు ఆ సంవత్సరం చివరి నెలల్లో తొందరపడి ప్యానెళ్ళు పెట్టుకున్నారంటే కారణం అదే. పదేళ్ళు ఉంటుందన్న సాయం మూడేళ్ళకే పోయింది. ప్రభుత్వం ఇచ్చే ఏ సాయాన్నీ శాశ్వతం అనుకోకూడదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకో సంగతి మనలాంటి వాళ్ళకు ముఖ్యం. టాక్స్ క్రెడిట్ అనేది పన్ను కట్టేవాడికే పనికొస్తుంది. కట్టాల్సిన పన్నే లేనివాడికి అందులో తగ్గించడానికి ఏముంటుంది? మన దేశంలో కొత్త పద్ధతిలో 2025-26 నుంచి సంవత్సరానికి 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్ళకు మామూలుగా పన్ను పడదు. కూలికి నేసే ఇంట్లో, రెండు మూడు మగ్గాలున్న ఇంట్లో ఆ మొత్తం ఎక్కడిది? కాబట్టి అమెరికా పద్ధతి ఇక్కడికి వచ్చినా మన ఇళ్ళకు ఒక్క రూపాయి అందదు. అది డాక్టరు ఇంటికో, పెద్ద వ్యాపారి ఇంటికో పోతుంది.

మన దేశంలో ఎంచుకున్న దారి వేరు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ‘పీఎం సూర్య ఘర్ ముఫ్త్ బిజిలీ యోజన’ మొదలుపెట్టింది. కోటి ఇళ్ళ మీద సోలార్ పెట్టించాలని 75,021 కోట్ల రూపాయల ఖర్చుతో పథకం వేశారు. ఇందులో పన్ను ఊసే లేదు. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాకు వస్తుంది. 1 కిలోవాట్ పెట్టుకుంటే 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు గానీ అంతకు మించి గానీ పెట్టుకుంటే 78,000 రూపాయలు. పన్ను కట్టేవాడికీ, కట్టనివాడికీ ఒకటే లెక్క. ఆ విధంగా చూస్తే ఇది నేతగాడికి న్యాయమైన పద్ధతి.

అయితే మన రాష్ట్రంలో, ముఖ్యంగా మన వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇందులో ఒక మెలిక ఉంది. అది ఏజెంటు చెప్పడు. మేము చెప్తాం.

తమిళనాడులో 2006 ఆగస్టు నుంచి చేనేత ఇళ్ళకూ, పవర్‌లూములకూ ఉచిత కరెంటు ఉంది. మొదట రెండు నెలలకు చేనేతకు 100 యూనిట్లు, పవర్‌లూముకు 500 యూనిట్లు. తర్వాత అది 200, 750 అయింది. 2023లో చేనేతకు 300, పవర్‌లూముకు 1000 యూనిట్లు చేశారు. ఇవి కాక మామూలు ఇళ్ళన్నిటికీ రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం. దీని అర్థం ఏమిటి? చేనేత రాయితీ ఉన్న ఇంట్లో రెండు ట్యూబులైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, ఒక మిక్సీ వాడితే బిల్లు సున్నా దగ్గరే ఉంటుంది. సున్నా బిల్లును సోలార్ ఇంకా ఏం తగ్గిస్తుంది? ఆ ఇంటికి సబ్సిడీ పోగా 40,000 రూపాయలు చేతి నుంచి పెట్టి సోలార్ వేయించడం దండగ. ఆ డబ్బుతో మగ్గం గుంత బాగు చేయించుకోండి, జకార్డు కొనుక్కోండి, ఆడపిల్ల కాలేజీ ఫీజు కట్టండి.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: రెండు నెలల బిల్లు వెయ్యి రూపాయల లోపు వచ్చే ఇల్లు సోలార్ కోసం తొందరపడనక్కరలేదు.

మరి ఎవరు పెట్టుకోవాలి? కొడుకులు, కోడళ్ళు కలిసి ఉన్న ఇల్లు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మోటారు ఉన్న ఇల్లు. ఎండాకాలం ఏసీ వేసే ఇల్లు. మీటరు రెండు నెలలకు 500 యూనిట్లు దాటే ఇల్లు. ఈ 500 అనే గీత చాలా ముఖ్యం, అక్కచెల్లెళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. 2024 జూలై నుంచి మన ఇళ్ళకు పడుతున్న రేట్ల ప్రకారం సరిగ్గా 500 యూనిట్లు వాడితే బిల్లు 1,805 రూపాయలు. 510 వాడితే 2,124 రూపాయలు. పది యూనిట్లకు 319 రూపాయలు! ఎందుకంటే 500 దాటగానే కింది శ్లాబులో ఇచ్చే రాయితీ కూడా తీసేస్తారు. 101 నుంచి 200 వరకు యూనిట్‌కు 2 రూపాయల 35 పైసలు ఉన్నది 4 రూపాయల 70 పైసలు అవుతుంది. పైన పడే యూనిట్లకేమో 8 రూపాయల 40 పైసలు.

ఇప్పుడు రెండు నెలలకు 600 యూనిట్లు వాడే ఇల్లు ఒకటి అనుకుందాం. ఆ ఇంటి బిల్లు 2,880 రూపాయలు. 1 కిలోవాట్ సోలార్ మన ఎండకు సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. అంటే రెండు నెలలకు 240. మనం వాడుకోగా మిగిలింది ఈబీ లైనులోకి పోతుంది, రాత్రి మనకు కావలసింది అక్కడి నుంచి వస్తుంది. నెట్ మీటరు రెండూ లెక్క చూసి తేడాకే బిల్లు వేస్తుంది. చిన్నచిన్న ఛార్జీలు పక్కన పెట్టి లెక్క చూద్దాం.

1 కిలోవాట్ పెడితే 600లో 240 పోయి 360 మిగులుతుంది. బిల్లు 987 రూపాయలు. రెండు నెలలకు 1,893 ఆదా, సంవత్సరానికి పదకొండు వేల పైచిలుకు. పెట్టడానికి 70,000 అయిందనుకుంటే, సబ్సిడీ 30,000 పోగా మన చేతి నుంచి 40,000. మూడున్నర ఏళ్ళలో తిరిగి వస్తుంది.

2 కిలోవాట్లు పెడితే 480 యూనిట్లు పోయి 120 మిగులుతుంది. బిల్లు 47 రూపాయలు. సంవత్సరానికి దాదాపు 17,000 ఆదా. ఖర్చు 1,30,000 అనుకుంటే, సబ్సిడీ 60,000 పోగా 70,000. నాలుగేళ్ళ చిల్లరలో తిరిగి వస్తుంది. ఇదీ మంచిదే.

3 కిలోవాట్లు పెడితే? 720 యూనిట్లు వస్తాయి, వాడకం 600. బిల్లు సున్నా. కానీ 2 కిలోవాట్లకే బిల్లు 47 రూపాయలకు దిగింది కదా! మూడో కిలోవాట్‌కు ఖర్చు ఇంకో 60,000 అనుకుంటే, సబ్సిడీ 18,000 వస్తుంది, 42,000 మన జేబులోంచి పోతుంది. దానితో తగ్గేది సంవత్సరానికి 282 రూపాయలు. ఏజెంటు మాత్రం ‘78,000 సబ్సిడీ వస్తుందన్నా, ఎందుకు వదులుకుంటావు’ అంటాడు. పెద్దలు ఏమన్నారు? మంచం ఎంత ఉంటే కాళ్ళు అంతే చాపుకోవాలి. పడుగు కొలత చూడకుండా పేకకు నూలు కొనేవాడు మనలో ఎవరైనా ఉన్నారా? సోలార్‌కూ అదే లెక్క. ఏసీ వేసే ఇంట్లో, ఎలక్ట్రిక్ స్కూటరు కొనబోయే ఇంట్లో వాడకం 700, 800 దాటితే అప్పుడు మూడో కిలోవాట్ అక్కరకు వస్తుంది. అది వాళ్ళ బిల్లు చెప్పాలి, ఏజెంటు కాదు.

పవర్‌లూములు ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఒక జాగ్రత్త. సూర్య ఘర్ సబ్సిడీ ఇంటి కనెక్షన్‌కే గానీ పవర్‌లూము కనెక్షన్‌కు రాదు. ఇంటి మీటరుకు సోలార్ పెట్టి దాని నుంచి లూములకు వైరు లాగితే ఈబీ వాళ్ళు ఊరుకోరు. ఒక పనికి ఇచ్చిన కనెక్షన్‌ను ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో లెక్క కడతారు. పవర్‌లూముల కోసమే 2017లో కేంద్రం ‘పవర్‌టెక్స్ ఇండియా’ అని తెచ్చి, 8 లూముల వరకు ఉన్న చిన్న యూనిట్లకు సోలార్ ఖర్చులో సగం సబ్సిడీ ఇచ్చింది, ఎస్సీలకు 75 శాతం, ఎస్టీలకు 90 శాతం. ఆ పథకం గడువు తీరిపోయింది. ఇప్పుడు పవర్‌లూము యజమానికి పన్ను దారిలో మిగిలింది ఒకటే: సరిగ్గా లెక్కల పుస్తకాలు రాసి పన్ను కట్టే యూనిట్లు సోలార్ ఖర్చులో 40 శాతం తరుగుదలగా చూపించి లాభంలోంచి తీసేసుకోవచ్చు. అంచనా పద్ధతిలో, అంటే అమ్మకంలో ఇంత శాతం లాభం అని చూపించి పన్ను కట్టేవాళ్ళకు ఇది విడిగా రాదు. ఆడిటరును అడిగి ముందుకు పొండి.

పన్ను మాట వచ్చింది కనుక ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామాన్ల మీద జీఎస్‌టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ఇది నిజంగా అందరికీ అందే పన్ను సాయం. కొటేషన్‌లో సామాను మీద ఇంకా పాత 12 శాతం వేసి ఉంటే ఒప్పుకోవద్దు. బిగించే పని కూలి మీద పన్ను వేరే ఉంటుంది, దాన్ని విడిగా రాయించుకోండి.

ఇక డబ్బు సంగతి. ఇదే అసలు గండం. సబ్సిడీ ముందు రాదు. ప్యానెళ్ళు పెట్టి, నెట్ మీటరు బిగించి, ఈబీ వాళ్ళు పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చాక, పోర్టల్‌లో బ్యాంకు వివరాలు పెడితేనే వస్తుంది. కాబట్టి మొదట మొత్తం డబ్బు మనమే పెట్టాలి, లేదా అప్పు చేయాలి. ఇక్కడే మన ఇళ్ళు దెబ్బతింటాయి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 70,000 తెస్తే సంవత్సరానికి వడ్డీయే 25,200. సోలార్ ఆదా చేసేది 17,000. అంటే ఎండ సంపాదించిందంతా వడ్డీ వ్యాపారికి పోగా, ఇంకా ఎనిమిది వేలు మన కూలిలోంచి పోతుంది. అక్కయ్యలారా, సోలార్ కోసం గొలుసు కుదువ పెట్టే ముందు ఈ లెక్క ఒకసారి తలుచుకోండి.

దీనికి మార్గం ఉంది. ఇదే పథకంలో 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు ఇస్తారు. రిజర్వు బ్యాంకు రెపో రేటుకు అర శాతం కలిపి వడ్డీ కడతారు. పథకం మొదలైనప్పుడు అది దాదాపు 7 శాతం ఉండేది. అదే 70,000కు ఆ లెక్కన సంవత్సరానికి వడ్డీ ఐదు వేల లోపే. మిగిలిన పన్నెండు వేలతో అసలు తీర్చుకోవచ్చు. బ్యాంకులో తిప్పుతారని, కాగితాలు అడుగుతారని మనవాళ్ళు వెనక్కి తగ్గుతారు. ఒకరు పోతే తిప్పుతారు; పదిమంది ఒకే రోజు, ఒకే రకం కాగితాలతో పోతే మేనేజరు కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఆ పని సమాఖ్య చేస్తుంది.

కాగితాల్లో ముందు చూసుకోవలసింది మీటరు ఎవరి పేరు మీద ఉందనేది. మన పాత ఇళ్ళలో మీటరు తాతగారి పేరు మీదే నడుస్తుంటుంది. తాత పోయి ఇరవై ఏళ్ళయినా బిల్లు ఆయన పేరుకే వస్తుంది. దరఖాస్తు పెట్టేవాళ్ళ పేరుకు కనెక్షన్ ఉండాలి, ఇల్లు సొంతం కావాలి, ఇంతకు ముందు సోలార్ సబ్సిడీ తీసుకొని ఉండకూడదు. అన్నదమ్ములు మిద్దె పంచుకోకుండా ఉంటే ఎవరు ఏ వైపు పెట్టాలో ముందే మాట్లాడుకొని కాగితం మీద రాసుకోండి. ప్యానెల్ 25 ఏళ్ళు ఉండే వస్తువు. ఈ రోజు తమ్ముడు సరే అంటాడు, రేపు అతని కొడుకు ఇంకో అంతస్తు కడతానంటాడు. ఎండ కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కకూడదు.

మిద్దె గురించి కూడా చెప్పుకోవాలి. 1 కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు నీడ పడని చోటు కావాలి. పెంకుటిల్లు, రేకుల ఇల్లు అయితే బరువు తట్టుకుంటుందో లేదో ముందు మేస్త్రీకి చూపించండి. మన మిద్దెల మీద రంగు నూలు ఆరేస్తాం. ప్యానెళ్ళు నేలకు ఆనించి బిగిస్తే ఆ చోటు పోతుంది. మనిషి ఎత్తున ఫ్రేము వేయిస్తే కింద నీడ మిగులుతుంది, రంగు నూలును నీడపట్టున ఆరేసుకోవచ్చు. ఖర్చు కొంచెం ఎక్కువ, గాలివానకు గట్టిగా నిలిచేలా బోల్టులు వేయించాలి. నూలు దుమ్ము, వీధి దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది, కనుక పదిహేను రోజులకు ఒకసారి తెల్లవారుజామున కడగండి. ఉప్పునీళ్ళు వాడితే అద్దం మీద చారలు మిగులుతాయి.

రెండు అపోహలు తీర్చాలి. ‘వేలూరు ఎండకు కరెంటు ఇంకా ఎక్కువ వస్తుంది’ అంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుగు గానీ వేడి కాదు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ రాబడి తగ్గుతుంది. అందుకే రోజుకు 5, 6 యూనిట్లు వస్తాయని ఎవరైనా చెప్తే నమ్మకండి, 4తోనే లెక్క వేసుకోండి. ఐప్పసి, కార్తీక వానల్లో ఇంకా తగ్గుతుంది. రెండోది, ‘సోలార్ ఉంటే కరెంటు పోదు’ అనేది. బ్యాటరీ లేని మామూలు సోలార్, ఈబీ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడడానికే ఆ ఏర్పాటు. కరెంటు కోతలో కండెలు చుట్టుకోవచ్చని ఆశపడి పెట్టుకుంటే నిరాశే.

చివరగా మనం అడగవలసింది అడగాలి. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కేంద్ర సబ్సిడీకి తోడు తన వంతుగా 30,000 దాకా కలిపి ఇస్తోంది. మన బంధువులున్న చిత్తూరు వైపు, ఆంధ్ర ప్రభుత్వం బీసీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు అదనంగా 20,000 ఇస్తామని ప్రకటించింది. మన రాష్ట్ర ప్రభుత్వం చేనేతకు ఉచిత యూనిట్లు ఇచ్చి చాలా మేలు చేసింది. ఆ యూనిట్లకు దెబ్బ తగలకుండా, నేత కుటుంబాల సోలార్‌కు కూడా ఒక చేయి వేయమని, పవర్‌లూముల సోలార్ సాయాన్ని మళ్ళీ తెమ్మని అందరం సంతకాలు చేసి విన్నపం పంపుదాం. బయట సంతకాల పుస్తకం పెట్టాం.

సూర్య ఘర్ పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకే. అంటే 2027 మార్చి 31 దాకా. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. కానీ తొందరలో చీకట్లో సంతకం పెట్టకూడదు. అందుకని మేము కోరేది ఒకటే. ఏ ఏజెంటు కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు, గత సంవత్సరం ఆరు కరెంటు బిల్లులూ సంచిలో వేసుకొని సమాఖ్య కార్యాలయానికి రండి. మన చదువుకున్న పిల్లలు పక్కన కూర్చుని లెక్క వేసి చెప్తారు. ‘నీకు 1 చాలు మామా’ అని, ‘అత్తా, మీకు 2 పెట్టుకోవచ్చు’ అని, లేదా ‘పెద్దమ్మా, మీకు ఇది వద్దే వద్దు’ అని. వద్దని చెప్పడం కూడా సాయమే. దానికి మేము ఒక్క పైసా తీసుకోం.